పోటు అన్న మాట

మేస్త్రీ పాత చీరముక్క పరిచి దాని మీద రెండు క్యామ్‌షాఫ్టులనూ పక్కపక్కనే పెట్టాడు. ఒక్కొక్కటి నా చెయ్యంత పొడుగుంటుంది. కడ్డీ పొడవునా కోడిగుడ్డు మొనల్లాంటి ఉబ్బులు, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకి తిరిగి ఉన్నాయి. నూనె పూసి ఉండటంవల్ల షెడ్డు రేకుల సందులోంచి పడుతున్న ఎండ వాటి మీద జారుతోంది. ఇంజనులో ఏది వెయ్యమంటారో చెప్పమని నన్నడిగాడు.

"నాకేం తెలుస్తదన్నా?" అన్నాను.

"నాకు మాత్రం ఏం తెలుసు మేడమ్? నా బతుకంత లారీలే. పడవ అంటే ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసుడే."

ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు పోయే దారిలో, లారీ ఇంజన్లు విప్పి బిగించే షెడ్లలో అదొకటి. మూల స్టాండు మీద ఉన్నది మాత్రం పడవ ఇంజను. తల విప్పేసి ఉంది. దాన్ని అక్కడికి తెచ్చిన మనిషి, మా ఆయన, పోయి అప్పటికి కొన్ని నెలలైంది.

మా ఆయనది సముద్రానికి దగ్గరగా ఏరు బాగా వెడల్పయ్యే చోట ఉన్న ఊరు. వాళ్ళ అన్నగారు అక్కడ పడవ నడుపుతారు. ఈ ఒడ్డు మనుషుల్ని ఆ ఒడ్డుకీ, ఆ ఒడ్డు కూరగాయల్నీ మోటారుసైకిళ్ళనీ ఈ ఒడ్డుకీ చేరవేస్తారు. ఆ ఇంటికి ఆధారం ఆ పడవే. దాని ఇంజనులోకి నీళ్ళు చేరి బిగుసుకుపోయింది. అక్కడి వర్క్‌షాపులో తూకానికి వేసెయ్యమన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెప్పేవారు. ఇదే ఇంజను లారీల్లో ఉంటుంది, జనరేటర్లలో ఉంటుంది, పడవల్లోనూ ఉంటుంది, చుట్టూ ఉన్న సరంజామా ఒక్కటే తేడా అని చెప్పి పార్సిల్ లారీలో ఇక్కడికి తెప్పించారు. ఆదివారం వస్తే పాత చొక్కా వేసుకుని ఈ షెడ్డుకి వచ్చేవారు. ఇంటికి డీజిల్ వాసనతో వచ్చేవారు.

ఆయన ఉండగానే చాలా పని అయిపోయింది. సిలిండర్ల లోపలి గోడలు గీసి నున్నగా చేశారు. దాన్నే బోరింగ్ అంటారు. గీసిన ప్రతిసారీ గోడ కొంచెం పల్చనవుతుంది. ఈ ఇంజనుకి ఇంతకుముందే అక్కడ గీశారట, ఇప్పుడు గీసిందే ఆఖరిది.

"ఇంక గోడల ఇనుము లేదు మేడమ్," అన్నాడు మేస్త్రీ. "మళ్ల నీళ్లు జొచ్చినయంటే ఇది ఇంజన్ కాదు, తూకం సామాను. గందుకే మీరు చెప్పిందాంక నేను చెయ్యి పెట్టలే."

రెండు షాఫ్టులూ తెప్పించి ఉంచమన్నది మా ఆయనే. ఏది వెయ్యాలో వచ్చే ఆదివారం చెప్తానన్నారట. ఆ ఆదివారానికి ఆయన లేరు.

మేస్త్రీ బడంగ్‌పేట్‌లో ఉంటాడు. నాకంటే వయసులో కొంచెం చిన్నవాడు. మాట్లాడేటప్పుడు చేతిలో ఏదో ఒక గుడ్డ ఉండాలి, తుడవడానికి ఏమీ లేకపోతే తన వేళ్ళే తుడుచుకుంటాడు. నాకు క్యామ్‌షాఫ్ట్ అంటే ఏమిటో తెలియదని చెబితే ఒకటి చేతిలోకి తీసుకుని నెమ్మదిగా తిప్పాడు.

"ఇగో, గీ ఉబ్బు పైకొస్తే దర్వాజ తెరుసుకుంటది. దిగిపోతే మూసుకుంటది. గంతే. ఒకటి గాలి గుంజే దర్వాజ, ఒకటి పొగ పోయే దర్వాజ. గీ లారీదానికి ఉబ్బు పెద్దగుంటది, వెడల్పుగుంటది. దర్వాజలు ఎక్కువసేపు తెరిసుంటయ్. ఉరుకుతది. గది జనరేటర్ది. సన్నది. ఒక్కతీరుగ కొట్టుకుంటనే ఉంటది, ఉరుకులాట తెల్వదు దానికి."

"పాతది ఏముండె?"

"లారీదే. అక్కడెవరో ఏసిన్రు. ఉన్నదే ఎయ్యాలె అంటది మా లెక్క. పవర్ భీ ఎక్కువ."

ఆలోచించి చెప్తానన్నాను. నా మాట తీరు విని, "మీది ఏ ఊరు మేడమ్?" అన్నాడు. పోచంపల్లి పక్క ఊరని చెప్పాను. "మరి సార్ ఆంధ్ర గదా?" అని కాసేపు చూసి, "అయితే అక్కా అంట, మేడమ్ అంటే నోరు తిరుగుత లేదు," అన్నాడు.

నేను ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి మానేశాను. తెలియని విషయం ఉంటే పుస్తకం వెతకడం తప్ప నాకు వేరే పద్ధతి రాదు. ఇంజన్ల గురించిన ఒక లావుపాటి పుస్తకం సంపాదించి మధ్యాహ్నాలు చదివాను. ఆ నెలల్లో నాకు పగలు కూడా సగం నిద్రలాగే ఉండేది. ఒకే పేజీ చాలాసార్లు చదివేదాన్ని, ప్రతిసారీ కొత్తగానే ఉండేది. పొగ పోయే తలుపు పూర్తిగా మూసుకోకముందే గాలి వచ్చే తలుపు తెరుచుకుంటుందనీ, కంటికి అందనంత కొద్దిసేపు రెండూ తెరిచే ఉంటాయనీ అందులో ఉంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మా నాన్న మగ్గం పనికొచ్చింది. గుంటలో కూర్చుని ఒక చెక్క తొక్కితే కొన్ని పోగులు లేస్తాయి. అవి పూర్తిగా దిగకముందే రెండో కాలు కదులుతుంది, మిగిలిన పోగులు లేవడం మొదలుపెడతాయి. రెండు వరసలూ ఒకదాన్నొకటి దాటే ఆ క్షణంలో అడ్డపోగు మోసే నాడె విసిరితే పోగులు తెగుతాయి. ఇంతకంటే ఆ పోలికను సాగదీయడం మంచిది కాదు. ఇంజనులో పోగులు లేవు.

నాకు కావలసింది ఆ తరవాతి పేరాలో దొరికింది. లారీ షాఫ్టుతో రెండు తలుపులూ తెరిచి ఉండే సమయం ఎక్కువ. వేగంగా పోతున్నప్పుడు అది మేలే. నెమ్మదిగా కొట్టుకుంటున్నప్పుడు మాత్రం బయటికి పోయినదాంట్లో కొంత వెనక్కి వస్తుంది. లారీలో అయితే వెనక్కి వచ్చేది పొగే. కొన్ని పడవల్లో పొగ గొట్టాన్ని చల్లబరచడానికి దాంట్లోకే నీళ్ళు వదులుతారు, మా బావగారి పడవ కూడా అలాంటిదే. అప్పుడు వెనక్కి వచ్చేది పొగ ఒక్కటే కాదు.

అయితే ఇది పుస్తకంలో ఉన్న ఒక పేరా మాత్రమే. అవతల మేస్త్రీ అనుభవం ఉంది, బావగారి కోరిక ఉంది. ఫోను చేసి అడిగితే బావగారు ఆలోచించకుండానే చెప్పారు.

"లారీదే వెయ్యించమ్మాయ్. పోటుకి ఎదురెళ్ళాలి కదా. బలం ఉండాలి."

"అది వేస్తేనే నీళ్ళు వచ్చాయేమో బావగారూ."

"నీళ్ళ మీద తిరిగేదానికి నీళ్ళు రాకుండా ఎలా ఉంటాయి? ఈ చదువుకున్నవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. వాడూ అంతే. స్క్రూ ఊడితే న్యూటన్‌ని పిలిచేవాడు."

ఆయనతో ఎప్పుడంటే అప్పుడు మాట్లాడటం కుదరదు. పడవ ఆగిపోయినా రోజూ రేవుకి వెళ్ళి వేరేవాళ్ళ పడవలకి తాళ్ళు పట్టేవారు. సముద్రపు నీళ్ళు ఏట్లోకి ఎక్కి వచ్చే వేళ పోటు. అప్పుడు పని ఎక్కువ. నీళ్ళు తిరిగి వెళ్ళిపోయే వేళ పాటు. అప్పుడు పడవలు బురదలో కూర్చుంటాయి, మనుషులు చుట్టలు కాల్చుకుంటారు. "పాటులో చెయ్యి," అనేవారు. ఆ వేళ రోజూ ఒకటి కాదు, ఇవాళ్టికంటే రేపు కొంచెం ఆలస్యం. ఆయన కోసం నేను పోటు వేళలు గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాను. తరవాత ఫోను చెయ్యవలసిన పని లేని రోజుల్లో కూడా అవి గుర్తుండిపోయేవి.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద, మెట్రో స్తంభాల కింద నడుస్తూ, ఇప్పుడక్కడ నీళ్ళు ఎక్కుతూ ఉంటాయి అనుకునేదాన్ని. ఎక్కేటప్పుడు చప్పుడు ఉండదని మా ఆయన చెప్పేవారు. ముందు తడి ఇసుక రంగు మారుతుంది, తరవాత చూస్తే కాళ్ళ దగ్గర నీళ్ళుంటాయి. చీరల దుకాణాల ముందు బొమ్మలు నిలబడి ఉండేవి. పళ్ళ బండివాడు దానిమ్మకాయ తుడుస్తూ ఉండేవాడు. కోచింగ్ పిల్లలు సంచులు వీపున వేసుకుని గుంపులుగా మెట్లు దిగేవారు. వాళ్ళందరి పాదాల మధ్య నుంచి నీళ్ళు మెల్లగా లోపలికి వస్తున్నట్టు, ఎవరూ గమనించనట్టు ఉండేది. అది కల కాదు, నాకు మెలకువగానే ఉండేది. భయం కూడా వేసేది కాదు. పోటు తీరే వేళకి ఇంటికి చేరేదాన్ని.

రెండోసారి షెడ్డుకి వెళ్ళిన రోజు ముసురు పట్టింది. మెట్రో దిగి ఆటో ఎక్కాను. ఎల్బీనగర్ చౌరస్తాలో అన్నీ నెమ్మదిగా కదులుతున్నాయి, అద్దం వెనక నుంచి చూస్తున్నట్టుంది. మేస్త్రీ చాయ్ తెప్పించాడు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. స్టాండు ఖాళీ అయితే అతను ఇంకో ఇంజను పెట్టుకోవచ్చు, నేనేమో తేల్చడం లేదు. ఆ మాట అనడానికి మొహమాటపడుతూ వేరే మాట ఎత్తాడు.

"అక్కా, సార్‌కు గుండె బీమారి ముందుగాల్నే ఉండెనా?"

"లేదే. ఎందుకడుగుతున్నవ్?"

"మరి పోటు, పోటు అన్నడు గదా."

"ఎప్పుడు?"

"గీ షాఫ్టుల ముచ్చట వచ్చిన దినమే. ఏది ఎయ్యాలె సార్ అంటే, పోటులో నిలబడాలి, అది చూసుకోవాలి అన్నడు. నేను పరేషాన్ అయిన. పోటొస్తే నిలబడుడేంది సార్, పండుకోవాలె గని, జర దవాఖానకు పోయి చూపెట్టుకోర్రి అన్న. గంతే, నవ్వుడు షురూ జేసిండు. గీ స్టూల్ మీదనే కూసోని కండ్లెంబడి నీళ్లొచ్చేదాంక నవ్విండు. ఏమైంది సార్ అంటే చెప్పడు. ఇంటికెళ్ళి చెప్పాలి, ఇంటికెళ్ళి చెప్పాలి అంటడు."

ఇంటికి వచ్చి ఆయన నాకేమీ చెప్పలేదు. వచ్చేసరికి ఎవరో చుట్టాలుండి ఉంటారు, లేకపోతే మరిచిపోయి ఉంటారు. కానీ ఎందుకు నవ్వారో నాకు తెలుసు.

పెళ్ళయిన కొత్తలో సైదాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ఒక సాయంత్రం ఆయన కిటికీ దగ్గర నిలబడి, "ఈపాటికి మా ఊళ్ళో పోటు వచ్చి ఉంటుంది," అన్నారు. నేను బియ్యం ఏరుతున్నాను. "ఎవరికి?" అన్నాను. "ఏటికి," అన్నారు. "ఏటికి పోటొచ్చుడేంది? యాడ నొస్తది దానికి?" అన్నాను. మా ఇంట్లో పోటు అంటే తలకో పంటికో గుండెకో వచ్చేదే. నీళ్ళకి కూడా వస్తుందని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఆయన నవ్వు ఆపుకోలేక కిటికీ చువ్వలు పట్టుకున్నారు. ఆ తరవాత నాకు ఎప్పుడు తలనొప్పి వచ్చినా, "పోటా, పాటా?" అని అడిగేవారు. అంటే పెరుగుతోందా, తగ్గుతోందా అని.

నేను చేసిన పొరపాటే మేస్త్రీ కూడా చేశాడు. అది నాకు చెప్పాలనుకున్నారు.

ఆ తరవాత ఆయనకి వచ్చింది నిజంగానే గుండెపోటు. ఈ రెండింటినీ ముడివేసి ఏదో ఒకటి చెప్పడం తేలిక. నేను చెప్పను. మేస్త్రీ ఒక మాటకి ఇంకో అర్థం తీసుకున్నాడు. మా ఆయన నవ్వారు. తరవాత ఒకరోజు ఆయన పోయారు. ఇవి వేరువేరు సంగతులు.

అప్పుడు మాత్రం నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు కావడంవల్ల కాబోలు, ఆపడం చేతకాలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

మేస్త్రీ ముఖం ముడుచుకున్నాడు. "మొగడు పెండ్లాలు ఇద్దరూ గిట్లనే ఉన్నరు. నేనేమన్న జోకర్ లెక్క కనబడ్తున్ననా?"

పోటంటే ఏమిటో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే నీళ్లకు పోటు?"

"అవ్."

"మరి పన్ను నొస్తే ఏమంటరు వాళ్లు?"

"దానికీ పోటే అంటరు."

"ఒక్కటే మాటనా? మరి ఎట్ల తెలుస్తది?"

"తెలుస్తది."

"ఏం తెలుస్తదో ఏమో. నేనైతే మంచోన్ని గాబట్టి దవాఖానకు పొమ్మన్న. ఇంకొగడైతే జండూబామ్ ఇస్తుండె."

నవ్వు తగ్గాక ఆలోచన వచ్చింది. బావగారు అన్నది పోటుకి ఎదురెళ్ళాలని. మేస్త్రీ చెబుతున్నది పోటులో నిలబడాలని. వినడానికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఇంజనుకి మాత్రం ఇవి రెండు వేరు పనులు. ఎదురెళ్ళేటప్పుడు అది బలంగా, వేగంగా తిరగాలి. దానికి లారీ షాఫ్టే మంచిది. నిలబడేటప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటూ ఉండాలి, వెనక నుంచి నీళ్ళు తోస్తున్నా లోపలికి రానివ్వకూడదు. దానికి రెండోది కావాలి. మా ఆయన ఏ మాట అన్నారో కచ్చితంగా తెలియాలి.

"అన్నా, సరిగ్గ యాది చేసుకో. నిలబడాలి అన్నడా, ఎదురెళ్ళాలి అన్నడా?"

"నిలబడాలి."

"తట్టుకోవాలి అన్నడేమో?"

"నిలబడాలి అనే అన్నడు."

"పోటుకి అన్నడా, పోటులో అన్నడా?"

"ఏందక్కా, ఠాణాల అడిగినట్టు అడుగుతున్నవ్! నిలబడాలి అన్నడు గన్కనే గదా నేను పండుకోవాలె అన్న. ఎదురెళ్ళాలి అంటే, ఎందుకు ఉరుకుతవ్ సార్ అందును. పండుకో అని ఎందుకంట?"

అతనికి పోటు అర్థమై ఉంటే ఆ మాట తలూపి వదిలేసేవాడు, ఇన్నాళ్ళకి తలా తోకా గుర్తుండేది కాదు. అర్థం కాలేదు కాబట్టే, దానికి ఎదురు జవాబు చెప్పాడు కాబట్టే, మాట ఉన్నదున్నట్టు ఉండిపోయింది.

అక్కడి నుంచే బావగారికి ఫోను చేశాను. అదృష్టవశాత్తూ పాటు వేళ. మేస్త్రీ కూడా వినడానికి స్పీకరు పెట్టమన్నాడు.

"రేవులో జనం ఎక్కేటప్పుడు ఇంజను ఆపుతారా బావగారూ?"

"ఆపితే మళ్ళీ ఓ పట్టాన అంటుకోదమ్మాయ్. నెమ్మదిగా కొట్టుకుంటానే ఉంటుంది."

"ఎంతసేపు?"

"పడవ నిండాలి కదా. ఒక్కోసారి పోటంతా అక్కడే."

"అప్పుడు పడవ ఎటు తిరిగి ఉంటుంది?"

"ముక్కు ఒడ్డుకి పెడతాం. వెనక వైపు పోటు తగులుతా ఉంటుంది. మోటారుసైకిళ్ళు ఎక్కితే వెనక దిగిపోతుంది, గొట్టం అంచుదాకా నీళ్ళొస్తాయి. ఎందుకివన్నీ? పుస్తకం రాస్తావా?"

మేస్త్రీ నా వైపు చూశాడు. చేతిలో గుడ్డ పక్కన పెట్టి, "గట్ల నిలబెడ్తరా?" అన్నాడు మెల్లగా. ఇద్దరికీ ఒకే బొమ్మ కనిపించిందనుకుంటాను. ఒడ్డుకి ముక్కు ఆనించిన పడవ, వెనక నీళ్ళ అంచున గొట్టం, లోపల కొంచెం కొంచెంగా తెరిచి ఉండిపోతున్న రెండు తలుపులు.

"సన్నది వేయిస్తాను బావగారూ. జనరేటర్ది."

"అదేంటి? నెమ్మదిగా పోతుంది కదా?"

"నెమ్మదిగానే పోతుంది. కానీ పోతుంది."

"పక్క పడవోడు నన్ను దాటిపోతాడమ్మాయ్. జనం వాడిదే ఎక్కుతారు. అప్పుడు నువ్వొచ్చి తెడ్డేస్తావా?"

"వేస్తాను. నేర్పండి."

అవతల గాలి చప్పుడు. ఎవరో ఎవరినో కేకేస్తున్నారు.

"తమ్ముడు ఏవన్నాడు?" అన్నారు.

"పోటులో నిలబడాలి అన్నారట."

"నిలబడాలనే అన్నాడా?"

"నిలబడాలనే అన్నారు."

"వాడికి తెలుసులే. చిన్నప్పుడు ఆ రేవులో తాడు పట్టుకుని నిలబడింది వాడే," అన్నారు. "అయితే అదే వెయ్యించు."

ఆయన తమ్ముడి మాట మీద ఒప్పుకున్నారు. నేను ఒప్పుకున్నది ఆ ఒక్క మాట మీదే కాదు. పుస్తకంలోని పేరా, బావగారి అలవాటు, ఆ మాట, మూడూ ఒకే వైపు చూపించాయి. అయినా ఆటోలో తిరిగి వస్తూ ఆ లెక్కే మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. ఇది తప్పయితే ఇంజను ఒక్కటే పోదు. పక్క పడవవాడు దాటిపోతాడన్న భయం ఆయనది, అందులో తప్పేమీ లేదు. ఆ నష్టాన్ని నేను ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లో కూర్చుని ఆయన తరఫున ఎంచుకున్నాను.

షాఫ్టు బిగించి, తల వేసి, ఇంజను పూర్తిచేశాక మేస్త్రీ కబురు చేశాడు. వెళ్ళేసరికి షెడ్డు ముందు నీలం డ్రమ్ము నిండా నీళ్ళు ఉన్నాయి. పొగ గొట్టానికి ఒక పైపు తగిలించి దాని కొస నీళ్ళ అంచుకి సరిగ్గా తగిలేలా కట్టాడు. ఇంజను ఆ డ్రమ్ములోంచే నీళ్ళు లాక్కుని ఆ డ్రమ్ములోకే వదులుతుంది.

"ఇగో అక్కా, కర్మన్‌ఘాట్‌కు సముద్రం తెచ్చిన. పోటు భీ తయారు జేస్తా సూడు," అని రేకు తట్ట ఒకటి తీసుకుని నీళ్ళను పైపు వైపు తోశాడు. పక్క షెడ్డువాళ్ళు వచ్చి చూసి నవ్వి పోయారు. "పోటోన్ని అడ్డం జరగమనుర్రి," అని మేస్త్రీని చూపించి ఒకాయన కేకేశాడు. అప్పటికే అందరికీ ఆ మాట తెలిసిపోయినట్టుంది.

ఇంజను అంటుకుంది. ముందు నల్లటి పొగ వచ్చింది, తరవాత తగ్గింది. వేగం తగ్గించి, ఇంతకంటే తగ్గిస్తే ఆగిపోతుందన్న చోట వదిలాడు. తడవతడవకీ లేచి తట్టతో నీళ్ళు తోశాడు. మధ్యాహ్నమంతా అలాగే నడవనిచ్చాం. నేను స్టూలు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాను. డ్రమ్ములో నీళ్ళు గుండ్రంగా వణుకుతున్నాయి. రేకుల మీద వేడి ఉంది. కళ్ళు మూతపడ్డాయి. నిద్రలో కూడా ఇంజను వినపడుతూనే ఉంది. అది వినపడుతున్నంతసేపూ ఏమీ చెయ్యక్కర్లేదు అనిపించింది. ఎవరో పక్కన నిలబడి ఉన్నారనీ, ఆ మనిషికీ ఏమీ పని లేదనీ అనిపించింది. ఎవరో చూడాలని తల తిప్పలేదు.

మేస్త్రీ పిలిచాడు. ఇంజను ఆపేశాడు. ఆయిలు గేజి కడ్డీ బయటికి తీసి తెల్లగుడ్డ మీద తుడిచాడు. నీళ్ళు కలిస్తే నూనె పాలచాయ్ రంగులోకి మారుతుందని ముందే చెప్పాడు. గుడ్డ మీద పడిన మరక నల్లగా, పల్చగా ఉంది.

"సాఫ్," అన్నాడు. గుడ్డను వెలుగులోకి పట్టి మళ్ళీ చూశాడు. "లారీది భీ ఏసి చూసేదుండె అక్కా. తేడా తెలుస్తుండె."

"వద్దన్నా," అన్నాను. అది వేస్తే నిజంగా నీళ్ళు వచ్చేవో రావో మాకు తెలియదు. ఇక తెలియదు కూడా.

ఇంజను పార్సిల్ లారీలో వెళ్ళింది. పడవలో బిగించడానికి, వెనక నీళ్ళలో తిరిగే పంకా అమర్చడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో బావగారు ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కూరలు కొనుక్కుని వస్తుంటే ఫోను మోగింది. బస్సుల హారన్ల మధ్య వినపడక మెట్రో మెట్ల కింద సందులోకి జరిగాను.

"అమ్మాయ్, రేవులోనే ఉన్నా," అన్నారు బావగారు. "పోటు ఎక్కడం మొదలైన దగ్గర్నించీ నిలబెట్టే ఉంచా. ఇప్పుడే కడ్డీ తీసి చూశా. నూనె నూనెలాగే ఉంది. ఉండు, జనం ఎక్కుతున్నారు."

ఫోను జేబులో వేసుకున్నట్టున్నారు. కట్ చెయ్యడం మరిచిపోయారు. గుడ్డ రాపిడి వినపడింది. ఆ వెనక, దూరంగా, ఇంజను.

"ఏంటి బాబాయ్, దీని గొంతు తగ్గిందేంటి?" అన్నాడెవరో కుర్రాడు.

"పట్నంలో ఉండొచ్చింది కదా. మర్యాద నేర్చుకుంది."

"ఆ బుట్ట నా కాళ్ళ మీద పెట్టకు వదినా, చేపనీళ్ళు కారతన్నాయి."

"కారితే కారాయి, నీదేమన్నా పట్టుచీరా?"

బండి ఒకటి చెక్క మీదుగా దొర్లింది. ఎవరో పట్టుకో పట్టుకో అన్నారు. తాడు పడిన చప్పుడయింది. ఇంజను కొంచెం గొంతు పెంచింది, నీళ్ళు చెక్కలకి కొట్టుకోవడం మొదలైంది. నేను కూరల సంచి కింద పెట్టి రెండో చెవి మూసుకున్నాను.

"బాబాయ్, పక్కోడు దాటిపోతన్నాడు!"

"తొందరైతే దిగి ఈదుకుంటా రా."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో బావగారి నవ్వు ఉందో లేదో తెలియలేదు. తరవాత మాటలు తగ్గాయి. ఒకామె ఎవరితోనో మందుల గురించి మెల్లగా చెబుతోంది. ఏరు ఎంత వెడల్పో నాకు కంటితో చూసి తెలుసు, వినడంలో అది ఇంకా వెడల్పుగా ఉంది. మెట్ల మీద నుంచి జనం దిగుతూనే ఉన్నారు, నన్ను తప్పుకుని పోతున్నారు. ఒకాయన నేను దారి తప్పాననుకుని కాబోలు ఆగి చూసి వెళ్ళిపోయాడు.

పడవ ముక్కు దేనికో తగిలింది. "దిగండి, నెమ్మది, తడిగా ఉంది," అన్నారు బావగారు. బుట్టలు ఎత్తుతున్న చప్పుడు. ఒకరి తరవాత ఒకరు దిగారు. అవతలి ఒడ్డున వేరే మనుషులు ఎక్కడానికి నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఇంజను మళ్ళీ గొంతు తగ్గించి, ఆగకుండా కొట్టుకుంటోంది.